‘విశాఖ మీద బాంబులేసిన ఏడాది’ అంటే ఏ సంవత్సరం? మా మామ్మ వయసు తేల్చాలి

నాగావళి_ఒడ్డు
మా మామ్మ పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలియదు. కార్డు చేయించిన రోజు అడిగితే "నాను బాంబులేసిన యేడు పుట్నాను బాబూ" అందట. ఆ మాట కంప్యూటర్‌లో ఎక్కడ కొట్టాలో తెలియక అక్కడి కుర్రాడు జనవరి 1, 1950 అని కొట్టేశాడు. మా వీధిలో ముసలివాళ్లు సగం మంది జనవరి ఒకటినే పుట్టారు, అది వేరే సంగతి.

గొడవేమిటంటే, తాతయ్య కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి పోయారు. మామ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. ఎనభై నిండితే దాని మీద ఇంకో 20 శాతం కలుస్తుంది. కార్డు ప్రకారం మామ్మకు 76. మా పెద్దత్త పుట్టింది 1960లో. అంటే మామ్మ పదేళ్లకే పిల్లను కన్నదన్నమాట!

బాబాయేమో ఆ బాంబులు 1971 యుద్ధంలో పడ్డవి అంటున్నాడు. ఎవరికైనా సరిగ్గా తెలుసా? విజయనగరం మీద కూడా పడ్డాయా?

గంటస్తంభం
1971 అయితే మామ్మకు 55 ఏళ్లు. మీ పెద్దత్త కన్నా చిన్నది. బాబాయిని ఈ పని నుంచి తప్పించండి.

లెక్కలమాస్టారు
1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందు రోజు ఈస్టర్ ఆదివారం, ఆ పొద్దున్నే జపాన్ విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. అదే సమయంలో ఓజావా అనే అడ్మిరల్ కింద ఇంకో దళం బంగాళాఖాతంలోకి వచ్చి, వ్యాపార నౌకలను దొరికినవి దొరికినట్టు ముంచుకుంటూ పోయింది. అందులో రుయుజో అని చిన్న విమానవాహక నౌక ఉంది. దాని మీంచి లేచిన విమానాలే విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 9వ తేదీన ట్రింకోమలి మీద పడి, హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను ముంచింది మాత్రం కొలంబో మీద దాడి చేసిన దళం విమానాలు.

విజయనగరం మీద ఏమీ పడలేదు. విజయనగరం మీద పడింది జనం.

పైడితల్లి_వీధి
మాస్టారి ఆఖరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా తాతగారి ఇంటి వసారాలో మూడు కుటుంబాలు దిగాయట. చుట్టాలు కూడా కాదు, చుట్టాలకు తెలిసినవాళ్లు. ఇల్లు దొరక్క సత్రాల్లో, గుళ్లలో పడుకున్నారని నాయనమ్మ చెప్పేది. కిటికీలకు నల్లకాగితం అంటించి లోపల కోడిగుడ్డు దీపం పెట్టుకునేవారట. ఆ కాగితం అంటుకున్న మరకలు నేను చిన్నప్పుడు కిటికీ రెక్కల మీద చూశాను. తాతగారు గీకించనిచ్చేవారు కాదు.

వంశధార
అందులో పేలని బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే "ఇంతేనా" అన్నారు. వీడియో గేముల పిల్లలు.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, మామ్మను మళ్లీ అడిగాను. వాళ్లది అప్పుడు విశాఖ వన్‌టౌన్ అట. "మా అమ్మ నిండు చూలాలు. బండి కట్టుకొని అందరూ ఎల్లిపోనారు. చీపురుపల్లిలో మా మేనత్త ఇంట్లో నాను పుట్నాను" అంది. ఈ వివరం ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే ఎవరూ అడగలేదట.

బాడంగి_బుల్లోడు
బాంబులు పడకపోయినా మన జిల్లాలో యుద్ధం గుర్తు ఒకటుంది. బాడంగి దగ్గర రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధం నాటిది, బ్రిటిష్ వాళ్లు వేసింది. నేను సైకిల్ నేర్చుకుంది దాని మీదే. ఎదురుగా బస్సు రాదు, లారీ రాదు, గొర్రెలు మాత్రం వస్తాయి. బ్రేకులు లేని సైకిల్‌కు అంతకన్నా మంచి చోటు లేదు. మా ఊళ్లో అందరం పైలట్లమే ఆ లెక్కన.

సత్యమేవ_విమానం
అందరూ జపాన్, బ్రిటిష్ అంటున్నారు. అసలు విమానం కనిపెట్టిందే మనం. 1895లో బొంబాయి చౌపాటీలో తల్పడే ఎగరేశాడు. రైట్ సోదరులు 1903లో. ఎనిమిదేళ్లు వెనక. మన పుస్తకాల్లో రాయరు.

గంటస్తంభం
వచ్చారండీ. ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

లెక్కలమాస్టారు
తల్పడే అనే మనిషి ఉన్నాడు, విమానాల మీద ఆసక్తి కూడా ఉంది. కానీ ఆ రోజు ఏదో ఎగిరింది అనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ‘వైమానిక శాస్త్రం’ అని ఇంకోటి చూపిస్తారు కదా, దాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు అయిదుగురు కూర్చుని లెక్కలు కట్టారు. అది ప్రాచీన గ్రంథం కాదు, ఇరవయ్యో శతాబ్దంలో రాసింది, అందులో గీసిన యంత్రాలు ఏవీ ఎగరవు అని తేల్చారు. తేల్చింది కూడా మనవాళ్లే.

రైట్ సోదరుల సంగతి వేరు. ఆ డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. జంబో జెట్ ఒక రెక్క చివర నుంచి రెండో రెక్క చివరి దాకా కొలిచినా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అదేరోజు నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. పక్కనే ఫొటో తీశారు, ఎవరెవరు చూశారో రాసి పెట్టుకున్నారు. తేడా అక్కడుంది. గొప్పతనం ఎగరడంలో ఎంతుందో లెక్క రాసుకోవడంలో అంతే ఉంది.

సత్యమేవ_విమానం
పుష్పక విమానం కూడా అబద్ధమేనా మాస్టారూ?

బాడంగి_బుల్లోడు
ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది కదా పుష్పకంలో. అది మన పార్వతీపురం బస్సు.

తపాలా_తాత
నేను ముప్పై ఆరేళ్లు తపాలా శాఖలో చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. నిజంగా మన గడ్డ మీద జరిగిన మొదటి గొప్ప ఒకటుంది. దానికి శాస్త్రాలు అక్కర్లేదు, ముద్ర ఉంది.

1911 ఫిబ్రవరి 18. అలహాబాద్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతోంది. ఆన్రి పెకే అని ఫ్రెంచి కుర్రాడు, 23 ఏళ్లు. సుమారు 6,500 ఉత్తరాలున్న సంచి విమానంలో పెట్టుకుని యమునానది దాటి నైనీలో దించాడు. పది కిలోమీటర్లు, 13 నిమిషాలు. ప్రపంచంలో ప్రభుత్వం అనుమతితో విమానంలో తపాలా వెళ్లడం అదే మొదలు. ఉత్తరానికి ఆరణాలు అదనంగా తీసుకుని ఆ డబ్బు ఒక హాస్టల్‌కు ఇచ్చారు. ఆ రోజు వేసిన ముద్ర మీద విమానం బొమ్మ ఉంటుంది. మామూలు నల్లసిరా కాదు, ఎర్రటి రంగు.

1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి పుస్ మాత్ అనే చిన్న విమానంలో తపాలా తెచ్చింది చాలామందికి తెలుసు. ఆయన బొంబాయి వరకే తెచ్చారు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లింది నెవిల్ విన్సెంట్. ఆయన పేరు ఎవరూ తలుచుకోరు.

నాకు ఇష్టమైనది మాత్రం రాత్రి విమాన తపాలా. 1949 జనవరిలో మొదలైంది. సాయంత్రం ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నాలుగు చోట్ల నుంచీ నాలుగు డకోటా విమానాలు లేచేవి. అర్ధరాత్రి నాగపూర్‌లో దిగేవి. అక్కడ సంచులు మార్చుకుని ఎవరి ఊరు వాళ్లు తెల్లారేసరికి చేరేవారు. మద్రాసులో సాయంత్రం డబ్బాలో పడ్డ ఉత్తరం మర్నాడు ఢిల్లీలో. నేను చేరేనాటికి మాకు సంచులు మెయిల్ బండిలోనే వచ్చేవి. కానీ మా సీనియర్ ఒకాయన ఏ సంచి ఆలస్యమైనా "నాగపూర్‌లో వానేమో" అనేవారు. ఆఫీసులో ఏం కనిపించకపోయినా, లక్కబిళ్ల కనిపించకపోయినా సరే, నాగపూర్‌లో వానే.

పైడితల్లి_వీధి
ఇకనుంచి మా ఇంట్లో కూడా నాగపూర్‌లో వానే.

ఇచ్ఛాపురం_గేటు
డకోటా అన్నారు కాబట్టి మా పక్కవాళ్ల కథ. ఇచ్ఛాపురం వాళ్లం సగం ఒరియా వాళ్లం కదా, చిన్నప్పుడు బిజూ పట్నాయక్ కథలు వింటూ పెరిగాం. రాజకీయాల్లోకి రాకముందు ఆయన పైలట్, కళింగ ఎయిర్‌లైన్స్ ఆయనదే. 1947 జూలైలో ఇండోనేషియాను డచ్చివాళ్లు చుట్టుముడితే, నెహ్రూ అడిగారని డకోటా వేసుకుని జకార్తా వెళ్లి అక్కడి నాయకుడు షహ్రీర్‌ను తీసుకొచ్చేశాడు. భార్య జ్ఞాన్ కూడా పైలటే, ఆమె కూడా వెళ్లింది. విమానం కూల్చేస్తామని డచ్చివాళ్లు బెదిరించారని చెబుతారు. ఇండోనేషియా వాళ్లు తర్వాత ఆయనకు ‘భూమిపుత్ర’ బిరుదు ఇచ్చారు. సుకర్ణో కూతురికి మేఘవతి అని పేరు పెట్టించింది కూడా ఆయనే అని మా వైపు చెప్పుకుంటారు.

లెక్కలమాస్టారు
పేరు సంగతి చెప్పుకోవడం వరకే. షహ్రీర్ సంగతి నిజం.

ఇచ్ఛాపురం_గేటు
మాస్టారూ, ఒక్కటైనా వదిలేయండి.

టెక్కలి_నేవీ
నాగావళి తమ్ముడూ, మీ బాబాయి పూర్తిగా తప్పు కాదు. 1971లో విశాఖ వాళ్లు పేలుడు విన్నారు, అద్దాలు అదిరాయి. అది విమానం బాంబు కాదు, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ బయట సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన శబ్దం. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ ఏమో అండమాన్ల వైపు దాక్కుని ఉంది. ఇక్కడే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ ఒక ఎత్తు వేశారు. విశాఖ బజారులో కూరలు, మాంసం పెద్ద ఎత్తున ఆర్డర్ పెట్టించారు. పెద్ద ఓడ రేవులో ఉందని గూఢచారులు అనుకోవాలి కదా. యుద్ధం మొదలయ్యాక విక్రాంత్ మీంచి సీహాక్ యుద్ధ విమానాలు లేచి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. ఓడ బాయిలర్‌లో పగులు ఉండి పూర్తి వేగం అందుకోలేదు. విమానం లేవడానికి ఓడ ఎదురుగాలిలో జోరుగా పోవాలి. అయినా లేపారు.

ఇక నా సొంత డబ్బా. నేను పదిహేనేళ్లు నేవీలో మెకానిక్‌ని. అందులో కొన్నేళ్లు అరక్కోణంలో టీయూ-142 అనే నిఘా విమానం మీద. ఇప్పుడు బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టారు చూడండి, అది. 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది, 2017 మార్చిలో రిటైర్ అయింది, ఆ మొత్తం కాలంలో ఒక్క ప్రమాదం లేదు. ఒక్కో ఇంజిన్‌కు రెండేసి ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. ఆ మోత చెవులతో వినేది కాదు, పళ్లతో వినాలి. స్టార్ట్ చేసినప్పుడు చేతిలో టీ గ్లాసు ఉంటే టీ మీద గుండ్రంగా గీతలు వచ్చేవి. మాకు అదే టెస్టు. గీతలు వంకరగా వస్తే మా చీఫ్ గ్లాసు కింద పెట్టి ఇంజిన్ వైపు చూసేవాడు.

మొన్న మా మనవరాల్ని తీసుకెళ్తే టికెట్ తీసుకుని క్యూలో నిలబడాలన్నారు. దాని పొట్ట కింద పడుకుని నూనె తుడిచినవాడిని. సరే అని టికెట్ తీసుకున్నాను.

వంశధార
ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు చూపించలేదా?

టెక్కలి_నేవీ
చూపించలేదు. మనవరాలి ముందు రాయితీ అడగడమేమిటని.

బాడంగి_బుల్లోడు
మా బాబాయి టెక్కలి వారికి ధన్యవాదాలు చెప్పమన్నాడు. నాగావళి వాళ్ల బాబాయి కాదు, మా బాబాయి. బాబాయిలంతా 1971 పార్టీయే.

రాజాం_రోడ్డు
ఇంత చరిత్ర చెప్పారు, అసలుది వదిలేశారు. కేంద్రంలో పౌర విమానయాన మంత్రులు ఇద్దరు మన పక్కపక్క జిల్లాల నుంచే. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. ఇక హైదరాబాద్ శంషాబాద్, ఢిల్లీ మూడో టెర్మినల్, ఇప్పుడు భోగాపురం కట్టింది మా రాజాం గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎమ్మార్. జనపనార మిల్లు నుంచి మొదలైన మనిషి.

గంటస్తంభం
మంత్రులు మనవాళ్లే. మరి ఇన్నాళ్లూ విజయనగరం నుంచి విమానం ఎక్కాలంటే ఎటు పోయాం? విశాఖే. అదీ నేవీ వాళ్ల రన్‌వే. వాళ్ల విమానాలు తిరిగే వేళల్లో మనకు ఖాళీ లేదు.

రాజాం_రోడ్డు
అందుకే భోగాపురం. రన్‌వే 3,800 మీటర్లు. 2026 జనవరి 4న మొదటి పరీక్షా విమానం ఢిల్లీ నుంచి వచ్చి దిగింది. నేను రోడ్డు మీంచి చూశాను. నాతో పాటు కొబ్బరిబొండాల బండి అతను కూడా కొట్టడం ఆపి చూశాడు.

జీడిపప్పు_పలాస
పలాసలో కూడా ఎయిర్‌పోర్టు అంటున్నారు. జీడితోటలు పోతాయని మా రైతులు వద్దంటున్నారు. విమానం మీకు, తోట మాకు. భోగాపురంలో భూములిచ్చిన వాళ్లను కూడా ఒకసారి అడిగి అప్పుడు సంబరపడండి.

రాజాం_రోడ్డు
అభివృద్ధి వద్దంటే ఎలాగండీ? మీ పప్పే విమానంలో ఎగుమతి అయితే

జీడిపప్పు_పలాస
చెట్టే లేకపోతే పప్పు ఏ విమానంలో ఎక్కిస్తారు?

మోడరేటర్
పార్టీల గొడవ మొదలవకముందే చెప్తున్నాను. ఇది మామ్మ వయసు థ్రెడ్.

గల్ఫ్_వెల్డర్
చరిత్ర నాకు తెలియదు. నా మొదటి విమానం దుబాయ్‌కి. అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకున్నాను. చెకింగ్‌లో ఆపేశారు, నూనె ఉంది కుదరదన్నారు. పారేయబుద్ధి కాలేదు. పక్కకు కూర్చుని అరసీసా వరకు ఒట్టిదే తిన్నాను. మిగతాది అక్కడ తుడిచే ఆమెకు ఇచ్చాను. గాల్లో ఉన్న నాలుగు గంటలూ మంచినీళ్లే.

తపాలా_తాత
నాయనా, ఆ బాధ 6,500 ఉత్తరాల కన్నా పెద్దది.

వంశధార
ఒక్క సంగతి ఎవరూ అనలేదు. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 అనే వాయుసేన విమానం. లోపల 29 మంది, వాళ్లలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఎంత వెతికినా దొరకలేదు. 2024 జనవరిలో సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో శకలాల ఫొటోలు దొరికాయి. ఏడున్నరేళ్లు. అన్నాళ్లూ ఇంట్లో ఫొటోకు దండ వెయ్యాలా వద్దా అని తేల్చుకోలేరు కదా.

టెక్కలి_నేవీ
మా బ్యాచ్ వాళ్లం ఆ వారమంతా ఫోన్లు పట్టుకునే ఉన్నాం.

నాగావళి_ఒడ్డు
చీపురుపల్లి వెళ్లొచ్చాను! ఆ మేనత్త వాళ్ల మనవడి ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంది. అడుగున పసుపు అంటిన కాగితం, పురిటి లెక్క రాసినట్టుంది. చెదలు కొట్టేసిన చోట కొట్టేయగా "...భాను నామ సంవత్సర చైత్ర బహుళ దశమి, ఆడశిశువు" అని చదవగలిగాను. భాను అంటే ఏది మాస్టారూ? చిత్రభానునా, స్వభానునా?

లెక్కలమాస్టారు
రెండూ పక్కపక్కనే, చిత్రభాను 1942-43, స్వభాను 1943-44. స్వభాను అయితే బాంబులు పడ్డ ఏడాదికి చైత్రం పొంతన కుదరదు, బండిలో నిండు చూలాలు అన్న మాట ఒక ఏడాది వెనక్కి పోతుంది. చిత్రభాను అయితే చూడండి. ఆ ఏడాది చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 1న. బాంబులు పడ్డ 6వ తేదీ బహుళ పంచమి ప్రాంతం. దశమి 10 గానీ 11 గానీ అవుతుంది. అంటే బాంబులు పడ్డ నాలుగైదు రోజులకు మీ మామ్మ చీపురుపల్లిలో పుట్టింది. బండి ప్రయాణం, చుట్టాల ఇల్లు, నొప్పులు, అన్నీ సరిపోయాయి.

పైడితల్లి_వీధి
ఒళ్లు జలదరించింది. విశాఖ నుంచి చీపురుపల్లికి ఎడ్లబండిలో, నెలలు నిండిన మనిషి, ఏప్రిల్ ఎండలో.

గంటస్తంభం
కాగితం బాగుంది కానీ పెన్షన్ వాళ్లు చైత్ర బహుళ దశమి తీసుకోరు. తాతగారు రిటైరైనప్పుడు కుటుంబ వివరాల ఫారం నింపి ఉంటారు, అందులో భార్య వయసు రాస్తారు. దాని జెరాక్స్ కోసం వెతకండి. నేను ఆ పనిలోనే తల నెరిసినవాణ్ని.

నాగావళి_ఒడ్డు
దొరికింది అన్నయ్యా! బీరువాలో ఎల్ఐసీ కాగితాల కింద. 1995లో తాతయ్య చేతిరాతతో, భార్య వయసు 53. సరిగ్గా 1942. ఆయనకు తెలుసు. ఇంట్లో మిగతా ఎవరికీ చెప్పలేదంతే.

రాత్రి మామ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఓడ, విమానాలు, పంచమి, దశమి. విని, "అయితే ఎనిమిదేళ్లు పెంచేసినావేటి గుంటడా?" అంది. పెంచితే 20 శాతం ఎక్కువ వస్తుందన్నాను. కాసేపు ఆలోచించి, "తొంబయ్యి అయితే ఎంతిత్తారట?" అంది.

గంటస్తంభం
నలభై శాతం.

లెక్కలమాస్టారు
గంటస్తంభం గారూ, ఆమెకు చెప్పకండి.